భూమి గొంతు

భూమి అయస్కాంత బలాన్ని కొలిచే రోజున ఫిజిక్స్ మాస్టారు ల్యాబు గుమ్మంలో ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని నిలబడతారు. తాళంచెవులు, పిన్నులు, వాచీలు అందులో పడ్డాకే ఎవరైనా లోపలికి. "భూమి గొంతు చాలా చిన్నదర్రా, మీ ఇనుము గోలలో వినపడదు," అంటారు ఏటా. ఈమధ్య ఆయన జుట్టు చెవుల మీదికి పెంచారు. ఈ వయసులో ఈ షోకేమిటని పిల్లలు చాటుగా నవ్వుకుంటారు.

రాగితీగ చుట్ట మధ్యలో దిక్సూచి ఉంటుంది. కరెంటు పంపితే ముల్లు ఎంత పక్కకు జరిగిందో చూసి భూమి బలం లెక్క కడతారు. మాస్టారు ఒక కన్ను మూసి, చెంప దాదాపు గాజుకు ఆనించి చూస్తారు. ఆ రోజు ముల్లు కుదురుగా నిలవలేదు. "ఎవరి దగ్గరో ఇనుముంది," అన్నారు. అందరూ జేబులు తిరగేసి చూపించారు. ముందు నిలబడ్డ అమ్మాయి నసుగుతూ, "మీరు వంగినప్పుడే కదులుతోంది సార్," అంది. ఆయన కాసేపు ముల్లుకేసి చూశారు. తర్వాత జుట్టు వెనక్కి తోసి, చెవిలోంచి శనగగింజంత వినికిడి మిషను తీసి, డబ్బాలో తాళంచెవుల పక్కన పెట్టారు. ఎవరూ నవ్వలేదు. మళ్లీ వంగితే ముల్లు కదల్లేదు. ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచారు.

"రీడింగ్ నువ్వే చదువమ్మా," అన్నారు. "కాస్త గట్టిగా."