ఆయ్ అంటే అవునని కాదు

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే రోడ్డు మీద నాది చిన్న కార్ల షెడ్డు. ఇంజను చప్పుడు వింటే చాలు, రోగం చెప్పేస్తానని నాకు ఒకప్పుడు తెగ పొగరు.

రాజోలు వైపు నుంచి ఒక కొబ్బరి రైతు పాత డీజిలు కారు తెచ్చారు. ఆయన్ని బాబాయిగారూ అనేవాణ్ణి. భార్యకు కిడ్నీలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఆవిడను అమలాపురం ఆసుపత్రికి తీసుకురావాలి. కారేమో పది కిలోమీటర్లు నడిచి ఆగిపోతోంది, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోంది.

"డీజిల్లోకి నీళ్లు దిగేయండి, అంతే కదా?" అన్నాను.

"ఆయ్."

"వానలో బయటే పెట్టేరు కదా?"

"ఆయ్."

ఇంకేం కావాలి? ఫిల్టరు మార్చి, లైన్లో గాలి తీసి పంపేశాను. మూడో రోజుకి మళ్లీ వచ్చారు. ఈసారి ట్యాంకులోంచి డీజిలు లాగే ఫీడ్ పంపు పోయిందన్నాను. దానికీ ఆయన ఆయ్ అన్నారు. పంపు మార్చాను. ఆ మర్నాడే కారు దారిలో ఆగిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ బెడ్డు వేరొకరికి ఇచ్చేశారు. ఆ రోజు డయాలసిస్ తప్పిపోయింది.

రెండు రోజుల తరవాత కారు మళ్లీ షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో ఆవిడ ఉన్నారు. మొహం, కాళ్లు బాగా వాచాయి, మాటకీ మాటకీ మధ్య ఆయాసం. నాకు భయం వేసింది. ఆ భయాన్ని కోపం చేసి బాబాయిగారి మీద చూపించాను. "కల్తీ డీజిలు పోయిస్తున్నారండీ మీరు, అదీ సంగతి."

"ఆయ్," అన్నారాయన, తల దించుకుని.

అప్పుడు ఆవిడ అద్దం దించారు. "బంకులో మూత తీసినప్పుడల్లా బుస్సుమంటదండీ. నేను ఈ పక్కనే కూర్చుంటాను కదా, వినపడతది."

వెళ్లి ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమంది. మూత కింద నాలుగు మడతలు పెట్టిన ప్లాస్టిక్ కవరు. మూతకు సన్నటి గాలి కన్నం ఉంటుంది. డీజిలు తగ్గేకొద్దీ అందులోంచి ట్యాంకులోకి గాలి వెళ్లాలి. కవరు ఆ కన్నాన్ని మూసేసింది. లోపలికి గాలి లేక డీజిలు ఇంజను దాకా రావట్లేదు. కాసేపాగితే సందుల్లోంచి కాస్త గాలి దూరి మళ్లీ నడుస్తోంది. ఇన్ని రోజులూ నేను ఆ మూత జోలికే పోలేదు.

"మూత రబ్బరు పోయిందండీ. వాన నీళ్లు దిగకుండా కవరు నేనే పెట్టేను," అన్నారు బాబాయిగారు.

"మరి నీళ్లు దిగేయంటే ఆయ్ అన్నారేంటండీ?"

"మీరు చెప్తా ఉంటే వింటన్నానని అన్నానండీ. పని తెలిసినోరు మీరు. మీ షెడ్డులో నుంచుని కాదంటే బావుండదు కదా."

మా ఊళ్లో పుట్టిన ఎవరికైనా ఆ ఆయ్ తెలుసు. నాకూ తెలుసు. ఆయన చెప్పేది వినే ఓపిక లేక, నాకు పనికొచ్చే అర్థం తీసుకున్నాను. ఆయన్ని ఒక్కసారి కూడా "ఏం జరుగుతోందండీ?" అని అడగలేదు.

కవరు తీసేసి స్టార్ట్ చేస్తే ఇంజను ఆగకుండా నడిచింది. ఆసుపత్రికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాను. కారు కదిలే ముందు ఆవిడకు క్షమాపణ చెప్పబోయాను.

"మీ ఇద్దరూ ఒకళ్ల మర్యాద ఒకళ్లు చూసుకున్నారండీ," అన్నారావిడ. "మధ్యలో నాకే ఊపిరాడలేదు."

ఆవిడ కోపంగా అనలేదు. అందుకే తలెత్తలేకపోయాను.