ఆరు మూలల బొమ్మలు

అక్షరాలు నేర్చుకునేసరికి నాకు యాభై దాటాయి. అందుకే సౌదీలోని జుబైల్ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

అక్కడ నేను పనిచేసిన ఇంట్లో యూనివర్సిటీలో చదివే అమ్మాయి ఉండేది. ఆ ఇంట్లో నాతో ఎవరు మాట్లాడినా పని చెప్పడానికే. ఆర్గానిక్ కెమిస్ట్రీ పెద్ద పరీక్ష దగ్గరపడ్డాక మాత్రం ఆ అమ్మాయి రోజూ మధ్యాహ్నం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేది. పుస్తకం నా ఒళ్లో పెట్టి, తాను చూడకుండా తెల్లబోర్డు మీద ఆరు మూలల బొమ్మలూ బాణాలూ గీసేది. చదవడం రాని నేను ముగ్గు సరిచూసినట్టు గీతకు గీత సరిచూసేదాన్ని.

"ఇక్కడ రెండు గీతలుండాలి, ఒకటే గీశావు" అన్నాను ఒకరోజు, నాకు వచ్చిన అరబీలో.

"మా ప్రొఫెసరైనా వదిలేస్తాడేమో గానీ, నువ్వు వదలవు ఖాలా" అని నవ్వింది. ఖాలా అంటే పిన్ని.

ఆమె పాసవ్వాలని దేవుడికి మొక్కుకున్నాను. పాసైతే ఇక నన్నెవరు పిలుస్తారని దిగులు కూడా పడ్డాను.

పరీక్ష రాసి నవ్వుతూ వచ్చింది. "అయిపోయింది ఖాలా, బోర్డు లోపల పెట్టెయ్" అని చెప్పి స్నేహితురాళ్లతో వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఊళ్లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశాను. మామూలుగా శుక్రవారాలే చేసేదాన్ని.

"ఏమైందక్కా? ఈపొద్దు శుక్రవారం గాదే" అంది కంగారుగా.

"ఏం గాలేదులే. ఏదో ఒకటి మాట్లాడతా ఉండు" అన్నాను.