కత్తిరి ఎండలో చెల్లిని తీసుకురావడానికి తొండియార్‌పేట వెళ్ళిన రోజు

1998 మే నెలలో నేను నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళింది షికారుకు కాదు. తొండియార్‌పేటలో కాపురముంటున్న మా చెల్లెలు సునీతకు తొమ్మిదో నెల. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టు. ఏడో నెలలో కుదరలేదు, ఎనిమిదో నెలలో కదపకూడదన్నారు, తొమ్మిదో నెల వచ్చేసరికి సరిగ్గా కత్తిరి పడింది, మే నెలలో నిప్పులు చెరిగే ఆ మూడు వారాలు. ఆ ఏడు ఎండలు మామూలువి కావు. వడదెబ్బకు మనుషులు పోతున్నారని రోజూ పేపర్లో వస్తోంది. ఆ పిల్లను ఈ ఎండలో ఎలా తీసుకురావడమా అని నాకు లోపల భయంగానే ఉంది, కానీ అమ్మ మాట కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది గనక.

పొద్దున్నే ఎక్కిన రైలు మూడు గంటల్లో చేరాలి. గూడూరులో తీరుబడిగా నిలబడిపోయి, సెంట్రల్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం చేసింది. కిటికీ కమ్మీ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. స్టేషన్ బయట ఆటో అతను నలభై అడిగాడు, ముప్పై అయిదుకు ఒప్పుకున్నాడు. నా మాట వినగానే తెలుగులోకి దిగాడు.

"కత్తిరిలో ఈ టైముకా వచ్చేది? తలకు కొంగన్నా కప్పుకోమ్మా."

"నెల్లూరోళ్ళకి ఎండ కొత్తా ఏంది? పోనియ్యి," అన్నాను, మహా గొప్పగా.

చెల్లి ఇంటి గడప దాటానో లేదో, కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ తెలివొచ్చేసరికి చాప మీద ఉన్నాను. మూడు తరాలుగా ఆ వీధిలోనే ఉంటున్న పక్కింటి రుక్కమ్మత్త నా మొహాన నీళ్ళు చల్లి, ఉప్పేసిన మజ్జిగ పట్టిస్తోంది. నిండు కడుపుతో సునీత నాకు విసనకర్రతో విసురుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"బాగుంది పో. తీసకపోను వచ్చిందే పడిపోతే, పోయేదాని గతేంది?" అంది రుక్కమ్మత్త. "ఈడ సాయంత్రమైతే సముద్రం గాలి వస్తాది. ఆడ ఏముండాది? నిప్పుల గుండం."

సునీత భర్త, మా మరిది మురళి బళ్ళో భూగోళం పాఠాలు చెబుతాడు. నేను లేచి కూర్చున్నాక అడిగాను, ఈ ఏడు ఎందుకిలా తగలబడుతోందని.

"ఎల్ నినో వదినా. దక్షిణ అమెరికా పక్క సముద్రం కొన్నేళ్ళకోసారి వేడెక్కుతుంది. దాంతో గాలులు దారి తప్పుతాయి. పోయిన ఏడు ఇండోనేషియాలో వానల్లేక అడవులు కాలి, పొగకు జనం ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. పెరూలో వరదలు. నీళ్ళు నిలిస్తే దోమలు, దోమలొస్తే జ్వరాలు. మనకేమో ఇదిగో, ఈ ఎండ."

"ఎక్కడో సముద్రం కాగితే మా చెల్లి కాన్పుకొచ్చి పడాలా?" అన్నాను. నాకు నిజంగానే ఒళ్ళు మండింది. సునీత మాత్రం నవ్వింది. నవ్వి, నా చెయ్యి పట్టుకుని, "నాకు భయమేస్తా ఉందక్కా. ఆ రైల్లో లోపల బిడ్డకేమన్నా అయితే?" అంది మెల్లగా.

ఆ ఒక్క మాటతో తేలిపోయింది, ఈ ఎండలో దాన్ని కదపకూడదని. నాలుగు దాటాక రుక్కమ్మత్త చెప్పిన గాలి వచ్చింది. తలుపు తెరలు కదిలాయి, వీధిలోకి మళ్ళీ జనం వచ్చారు. నేను మలుపులో ఉన్న ఎస్టీడీ బూత్‌కు నడిచి, నెల్లూరులో మా పక్కింటివాళ్ళ ఫోన్‌కు చేసి అమ్మను పిలిపించాను. తిట్లకు సిద్ధపడే, నేను పడిపోయిన సంగతితో సహా అంతా చెప్పేశాను. నెల్లూరు దాటి ఏనాడూ ఒంటరిగా రైలెక్కని మనిషి మా అమ్మ.

"పిల్లను కదిలించబాకండి," అంది. "నేను కదుల్తా."

చల్లబడ్డాక బయల్దేరే రాత్రి బండికి అమ్మ వచ్చింది, పురిటికి కావలసిన కారాల మూటతో సహా. మగపిల్లాడు తొండియార్‌పేటలోనే పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం. ప్రపంచం అవతలి కొసన నీళ్ళు వేడెక్కితే మా ఇంటి ఆచారం ఒకటి మారిందని తలుచుకుంటే ఇప్పటికీ వింతగా ఉంటుంది, హాయిగానూ ఉంటుంది. ఎండాకాలంలో కడుపుతో ఉన్న పిల్లను పుట్టింటికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. ముందు మీరు ఒక మిట్టమధ్యాహ్నం ఆ రైల్లో కూర్చుని చూడండి, ఆ తర్వాతే ఆమెకు టికెట్ తీయండి.