అరవయ్యో నిమిషం

మూడోసారీ ఫైలు రాలేదు. నలభై ఏడు శాతం దగ్గర ఆగి, తెర మీది గీత ఎర్రబడింది.

మార్లిస్ ఎంగెబ్రెట్‌సన్ పెన్సిలు తీసి నోటుపుస్తకంలో ఆ అంకె రాసుకుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ కౌంటీ ఆఫీసు కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉన్న మనిషి. టేపు చక్రాలు తిరిగే రోజుల్లో చేరింది. ఏ టేపు ఎప్పుడు ఎక్కించిందీ, ఎప్పుడు దింపిందీ రాసుకోవడం అప్పటి అలవాటు. టేపులు పోయాయి, పెన్సిలు మిగిలింది.

కిటికీ అవతల నది గోధుమ పొలాల మీదుగా నడిచి వస్తోంది. తొందరేమీ లేదు దానికి. ఆ చదును నేలలో ఎక్కడ అంగుళం పల్లముందో వెతుక్కుంటూ, కళ్ళు లేనివాళ్ళు గోడ తడుముకున్నట్టు వస్తోంది.

ఆ అంగుళాలన్నీ ఉన్నది ఆ ఫైలులోనే. విమానం నుంచి ఊరంతా కొలిచిన ఎత్తుపల్లాల పటం. నిన్న సర్వర్ డిస్కు చచ్చిపోతే దానితోపాటే పోయింది. నకలు తొంభై మైళ్ళ అవతల వేరే కౌంటీలో భద్రంగా ఉంది కానీ, మధ్యలో రోడ్డు నీళ్ళ కింద ఉంది. రావాలంటే నెట్‌వర్క్ మీదే రావాలి. వేలకొద్దీ చిన్న ఫైళ్ళు పది నిమిషాల్లో వచ్చేశాయి. ఈ పెద్దదొక్కటే రాదు.

"మళ్ళీ పోయిందా?" తలుపు దగ్గర ఇంజనీరు డ్వేన్ క్వామె. మోకాళ్ళ దాకా బురద.

"పోయింది."

"పద్నాలుగు లారీల మట్టి నిలబడి ఉంది మార్లిస్ గారూ. పాస్టరు రాని పెళ్ళిలో పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తున్నారు డ్రైవర్లు నన్ను. మూడింటికి వరదకి అడ్డంగా కట్ట మొదలవ్వాలి. రెండున్నరకి పటం లేకపోతే పాత కాగితం పటం చూసి కట్ట గీత గీసేస్తా. అందులో విల్లో వీధి ఎత్తెంతో లేదు. ఆ పదకొండిళ్ళూ నదికి వదిలేయడమే."

మార్లిస్ నోటుపుస్తకం ముందుకి లాక్కుంది. ప్రతి శుక్రవారం బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెప్పించి చూసుకునేది తను. ఎప్పుడూ చిన్నదే, ఏ ఉత్తరమో, ఏ జాబితానో. కాఫీ చల్లారేలోపు వచ్చేసేది. అంతా బాగుందని సంతకం పెట్టేది. ముప్ఫై నాలుగేళ్ళ సంతకాల్లో ఒక్కటీ ఇంత పెద్ద ఫైలుని చూసి పెట్టింది కాదు.

"మొదట అరవై ఒకటి, తర్వాత యాభై నాలుగు, ఇప్పుడు నలభై ఏడు," డ్వేన్ ఆమె భుజం మీదుగా చదివాడు. "ఒక్కోసారి ఒక్కోచోట పడుతోంది. ఆ ఫైలు ఒళ్ళంతా పాడైపోయింది. వదిలేయండి."

ఆమె పెన్సిలు అంకెల మీద కాకుండా పక్కన రాసిన వేళల మీద ఆగింది. ఎనిమిదీ ఇరవైకి మొదలు, తొమ్మిదీ ఇరవైకి పోయింది. తొమ్మిదిన్నరకి మొదలు, పదిన్నరకి పోయింది. పదీ నలభై అయిదు, పదకొండూ నలభై అయిదు.

"డ్వేన్, ఇలా రావయ్యా. ఎక్కడ పడిందో చూడకు. ఎప్పుడు పడిందో చూడు."

అతను వంగి చూశాడు. "గంట... గంట... గంటే."

"ఫైలుకేం కాలేదు. ఊరంతా నది కెమెరాల వీడియో చూస్తుంటే నెట్‌వర్క్ నెమ్మదించింది, అందుకే శాతం తగ్గుతోంది. అసలు రెండు దారులుంటాయి. ఒకదాంట్లో సరుకు నడుస్తుంది, రెండోదాంట్లో అక్కడి యంత్రమూ ఇక్కడి యంత్రమూ మాట్లాడుకుంటాయి. సరుకు నడిచినంతసేపూ మాటలుండవు. జనవరిలో నెట్‌వర్క్‌కి కాపలాగా పెట్టిన కొత్త ఫైర్‌వాల్ గంటసేపు మాట వినపడకపోతే, ఎవరూ లేరనుకుని ఆ దారి మూసేస్తోంది. అది మూసుకుంటే పని మొత్తం ఆగిపోతుంది."

"మా నాన్నా, పెదనాన్నా గడ్డకట్టిన చెరువు మీద చేపలు పడుతూ పొద్దుట్నించి సాయంత్రం దాకా ఒక్క ముక్క మాట్లాడుకునేవాళ్ళు కాదు. వాళ్ళనీ మూసేసేదేమో."

"మీ నాన్న సంగతి చెప్పలేను గానీ ఈ యంత్రాలచేత మాట్లాడించగలను. అయిదు నిమిషాలకోసారి 'ఉన్నావా' అని అడగమంటా."

"అంతేనా?"

"నేననుకున్నదే నిజమైతే అంతే. కాకపోతే ఇంకో గంట పోతుంది. ఆ తర్వాత నీ కాగితమే గతి."

పన్నెండుకి రెండు నిమిషాలుండగా మొదలుపెట్టింది. చర్చి ఆడవాళ్ళు వండి పంపిన హాట్‌డిష్ అనే బంగాళాదుంపల వంటకం పళ్ళెంలో గడ్డకట్టింది. డ్వేన్ వెళ్ళాడు, వచ్చాడు, కూర్చున్నాడు, లేచాడు. యాభై ఏడో నిమిషం. యాభై తొమ్మిది. ఎక్కడో తలుపు రెక్క మీద ఒక చెయ్యి ఆని ఉన్నట్టు, అది తొయ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు అనిపించిందామెకి. అరవై. అరవై ఒకటి. గీత పచ్చగానే ఉంది.

"మాట్లాడుకుంటున్నాయి," అంది మార్లిస్, నిద్రపోయే పిల్లల పక్కన మాట్లాడినంత మెల్లగా.

రెండూ పంతొమ్మిదికి ఫైలు మొత్తం వచ్చింది. అక్కడి లెక్కా ఇక్కడి లెక్కా అంకెకి అంకె సరిపోయాయి. డ్వేన్ పటం తెరిచి విల్లో వీధి వెనక్కి వేలు జరిపాడు. పొలం అంచున జానెడు ఎత్తున ఒక పాత గట్టు, నేలకే గుర్తులేనంత సన్నగా ఉంది. గీత దాని మీదుగా గీసి, కోటు వేసుకోవడం మరిచి పరిగెత్తాడు.

నీళ్ళు ఆ కట్టను ఆనుకుని తొమ్మిది రోజులు నిలబడ్డాయి. లోపల పదకొండిళ్ళ వాకిళ్ళూ పొడిగానే ఉన్నాయి.

ఇప్పుడు శుక్రవారం వస్తే మార్లిస్ అన్నిటికంటే పెద్ద ఫైలునే తెప్పిస్తుంది. కాఫీ చల్లారిపోతుంది. చల్లారనిచ్చి, అరవయ్యో నిమిషం దాటేదాకా పెన్సిలు పట్టుకుని అక్కడే కూర్చుంటుంది.