సోములమ్మ చెప్పని పేరు

సోములమ్మ అంటే నాకు అసహ్యం. ఈ మాట ముందే చెప్పేస్తే తరవాత దాచుకోవాల్సింది ఏమీ ఉండదు. పెదబయలు దాటి కొండెక్కే ఊళ్ళలో పదమూడేళ్ళుగా ఏఎన్‌ఎమ్‌గా తిరుగుతున్నాను. సూదులు వేశాను, కాన్పులు చేశాను, తాగొచ్చి పెళ్ళాలని తన్నే మొగుళ్ళతో తగువు పడ్డాను. ఎవరినీ ఇంతగా ఏవగించుకోలేదు.

చూడ్డానికి మాత్రం మంచి మనిషే. అరవై దాటినా కాఫీ పళ్ళు కోయడంలో వయసు పిల్లలకంటే ముందు బుట్ట నింపుతుంది. నేను వెళ్తే చోడి అంబలి ఇచ్చి, తాగేదాకా కదలనివ్వదు. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకు ధర్మని అడ్డాకులు ఏరి, విస్తళ్ళు కుట్టి, అమ్మి పెంచింది. తమ్ముడు సుక్రు కూతురు రాజకుమారిని ఏరికోరి కోడలిగా తెచ్చుకుంది. మేనకోడలైతే పరాయి రక్తం ఇంట్లోకి రాదని పెళ్ళిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

కిందటి డిసెంబరులో రాజకుమారి కాన్పు నా చేతుల మీదే జరిగింది. ఆడపిల్ల. తుడిచి చూస్తే ఒంటికి రంగే లేదు. జుట్టు మొక్కజొన్న పీచులా ఉంది. కనురెప్పల వెంట్రుకలూ తెలుపే. ఇలాంటి పిల్లల గురించి నేను ట్రైనింగులో చదివాను. అయినా ముందు నేను చేసిన పని ధర్మ మొహం చూడడం. నల్లగా నిగనిగలాడే మొహం. తరవాత రాజకుమారి వంక చూశాను. పెళ్ళయ్యాక కూడా సీజన్లో ఆ పిల్ల అరకు రోడ్డు మీద బొంగు చికెన్ కొట్లో పనిచేసేది. కార్లలో ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఆగే చోటు. ఆ ఆలోచన నాకూ వచ్చింది, ఒక్క అర నిమిషం. దానికి నా మీద నాకు ఇప్పటికీ రోత.

నాకు అర నిమిషం ఉన్న ఆలోచన ఊళ్ళో మూడు నెలలు కాపురం పెట్టింది. దాన్ని మేపింది సోములమ్మ. పిల్లని ఒళ్ళోకి తీసుకోలేదు. కుళాయి దగ్గర పదిమందిలో కోడలిని అనరాని మాటలు అంది. ధర్మ ఇంకో రకం. సర్వీసు జీపు నడుపుతాడు. పిల్ల ఫోటో తీసి, స్టాండులో డ్రైవర్లకి చూపించి, నా పోలిక ఎక్కడన్నా కనబడతందా అని అడిగాడట. కట్టుకున్నదాన్ని అడగడానికి నోరు రాలేదు గానీ జీపు స్టాండులో వచ్చింది. ఆ ఫోటోని ఎవడో 'అరకులో ఇంగ్లీషు పాప' అని వీడియో చేసి పెట్టాడు. ఇక జనం రావడం మొదలైంది. ఒకావిడ తన నల్లకళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని, ఎండకి కళ్ళు తెరవలేక గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని సెల్ఫీ దిగింది. నోటికొచ్చినట్టు తిట్టి పంపాను.

తల్లినీ పిల్లనీ విశాఖ పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. తిరిగొచ్చాక, డాక్టరమ్మ చెప్పినదంతా సోములమ్మ అరుగు మీద కూర్చుని అందరికీ విప్పి చెప్పాను. ఒంటికి రంగు వండిపెట్టడానికి ప్రతి బిడ్డకీ అమ్మ ఒక వంటమనిషిని, నాన్న ఒక వంటమనిషిని పంపిస్తారనుకోండి. ఇద్దరిలో ఒకరు పనికిమాలినవారైనా రెండోవారు వండేస్తారు. రంగు వస్తుంది, లోపం ఎవరికీ కనబడదు. కానీ ఆ పనికిమాలినవారు లోపలే ఉంటారు, పిల్లలకీ మనవలకీ దిగిపోతుంటారు. ఎప్పుడో ఒక బిడ్డకి అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా పనికిమాలినవారే వస్తే పొయ్యి వెలగదు, రంగు రాదు. కాబట్టి ఈ పిల్ల తెల్లగా పుట్టిందంటే, అది రాజకుమారి ఇచ్చిందీ, ధర్మ ఇచ్చిందీ కూడా. ఇద్దరికీ అవ్వా తాతా ఒకరే కనక ఒకే లోపం ఇద్దరికీ దిగి ఉంటుంది. సోములమ్మ నుంచి కొడుక్కి, సుక్రు నుంచి కూతురికి.

మీ పుట్టింట్లో ఇలాంటి బిడ్డ ఎవరన్నా పుట్టారా అని సోములమ్మని అడిగాను. ఆవిడ అడ్డాకు కుడుతూ తల ఎత్తలేదు.

"మా ఇంట అలాటోలు ఎవలూ నేరు సిస్టరమ్మా," అంది.

ఏ సంగతైనా పేరు పెట్టేనాడే తేలుతుందని కూడా అంది. వాళ్ళలో పేరు పెట్టడమంటే, చనిపోయిన పెద్దల్లో ఎవరు తిరిగొచ్చారో కనుక్కోవడం. మంచిచెడ్డలు చూసే దిసారి కంచు గిన్నెలో నీళ్ళు పోసి, ఒక్కొక్క పేరే చెబుతూ రెండేసి బియ్యపు గింజలు వదులుతాడు. ఏ పేరుకి గింజలు రెండూ అడుగున ఆనుకుని కూర్చుంటాయో ఆ మనిషి వచ్చినట్టు. ఏ పేరుకీ కూర్చోకపోతే పిల్ల ఆ ఇంటిది కాదని, రాజకుమారినీ పిల్లనీ ఇంట్లోంచి పంపెయ్యాలని సోములమ్మ కులపెద్దలతో ముందే అనిపించుకుంది. డాక్టరు మాట గాలికిపోయింది. ఒక ఆడపిల్ల బతుకు రెండు నూకల మీద పెట్టారు.

పేరు పెట్టే రోజు టీకా పెట్టె భుజాన వేసుకుని నేనూ వెళ్ళాను. రాజకుమారి అప్పటికే బట్టలు సంచిలో సర్దుకుని ఉంది. పెరట్లో మేకల పాక దగ్గర సుక్రు బీడీ కాలుస్తున్నాడు. కూతురి కోసం ఒక్క మాటైనా మాట్లాడవా అని నిలదీశాను. బీడీ నేలకి రాసి ఆర్పి, చెప్పాడు. వాళ్ళకి బుద్రి అని ఒక చెల్లెలు ఉండేదట, ఇలాగే తెల్లగా. ఒక ఏడు వానలు లేక పంటలు ఎండిపోతే, ఈ పిల్ల వల్లే అని ఊరు దాని మీద పడిందట.

"తాత ఒగ్గీసి రమ్మన్నాడు. అప్పకి పన్నెండేళ్ళు. బుద్రిని ఎత్తుకుని గెడ్డ అవతలికి ఎల్నాది. పొద్దుగూకి ఒక్కతీ వొచ్చినాది."

చెల్లెల్ని అలా వాగు అవతల వదిలేసి వచ్చిన సంగతి ఎవరికీ చెప్పనని అక్కకి మాటిచ్చాడట. కూతురి కాపురం కూలుతున్నా ఆ మాటే ముద్దయింది. ఆ మనిషి మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో రాజకుమారి, చంకలో పిల్లతో. అంతా వింది.

దిసారి మొదలుపెట్టాడు. ధర్మ తండ్రి వైపు చచ్చిపోయినవాళ్ళందరి పేర్లూ అయిపోయాయి. గింజలు ఎడంగానే దిగాయి. తరవాత సోములమ్మ పుట్టింటివాళ్ళు. ఆ పేర్లు ఆవిడే ఒక్కొక్కటీ అందించింది. తాత, అవ్వ, తండ్రి, తల్లి, ఇద్దరు చిన్నాన్నలు. గింజలు కలవలేదు. ధర్మ ఇంటికప్పు చూస్తూ కూర్చున్నాడు. ఇంకెవరూ లేరు అంది సోములమ్మ. కులపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"అత్తా," అంది రాజకుమారి. "బుద్రిని ఒగ్గీసినావు."

అరవలేదు. నీళ్ళ బిందెకి మూత పెట్టలేదన్నంత మామూలుగా అంది. సుక్రు మోకాళ్ళ మధ్య తల దూర్చేశాడు. బుద్రి ఎవరని దిసారి అడిగాడు. సోములమ్మ మూడు నెలల్లో మొదటిసారి పిల్ల మొహంలోకి చూసింది.

"నా సెల్లి," అంది చివరికి. "ఎండకి కల్లు ఇప్పనేకపోయీది. నా సీర కొంగులో మొకం ఎట్టీసుకునీది. ఆ దినం కూడా అలాగే ఎట్టుకున్నాది."

దిసారి బుద్రి పేరు చెప్పి గింజలు వదిలాడు. నేను గిన్నె పక్కనే ఉన్నాను. రెండు గింజలూ దిగాయి. మధ్యలో బెత్తెడు కాకపోయినా అంగుళం ఎడం ఉంది. అందరికీ కనబడింది.

సోములమ్మ గిన్నెలో వేలు పెట్టింది. ఒక గింజని నెట్టుకుంటూ తీసుకెళ్ళి రెండోదానికి ఆనించింది.

"కలిసినాయి," అంది.

దిసారి కులపెద్ద వంక చూశాడు, కులపెద్ద తలూపాడు. కాసేపటికి భోజనాలకి ఆకులు వేశారు. రాజకుమారి సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసుకుంది. మొగుడి వంక మాత్రం చూడలేదు. సోములమ్మ పిల్లని ఎత్తుకుని అరుగు మీదకి వచ్చింది. ఎండ తగలగానే కొంగు లాగి పిల్ల మొహం కప్పింది. ఆ కప్పడం ఆ చేతులకి కొత్త కాదు.

ఆవిడ మీద అసహ్యం పోయిందా అంటే, పోలేదు. పన్నెండేళ్ళప్పుడు చేయించిన పనికి ఆవిడ్ని ఏమీ అనను. తెలిసి తెలిసి రాజకుమారి చేత కూడా అదే గెడ్డ దాటించబోయిందే, దాన్ని మాత్రం నేను మరిచిపోను. టీకా వేసి, కార్డులో పేరు దగ్గర బుద్రి అని రాసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడకి చదువు రాదు. కార్డుని అటూ ఇటూ తిప్పి, ఏటి రాసినావో సదువు అంది. చదివాను. ఇంకోసారి సదవమంది.