రెండో వరసలో ఖాళీ

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది, ఎండలో కాగిన ప్లాస్టిక్ బకెట్టు మీద కిరసనాయిలు ఒలికినట్టు. మొన్న ఆదివారం కోకాపేటలో ఒక ఫంక్షన్ హాలు మెట్లెక్కుతుంటే, బంతిపూల దండల్నీ బిర్యానీ ఘుమఘుమల్నీ తోసుకుంటూ ఆ వాసనే ముందొచ్చి పలకరించింది. మా పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం. ఈ ఊళ్ళో ఇప్పుడు ఫ్లెక్సీ లేనిదే ఆత్మీయత గడప దాటదు. మగవాళ్ళందరికీ ఒకే రకం చొక్కాలు, ఆడవాళ్ళందరికీ ఒకే చిలకపచ్చ చీరలు. ఒకప్పుడు యూనిఫారం తొడిగించిందని బడిని శాపనార్థాలు పెట్టినవాళ్ళే, జుట్టుకి రంగేసుకునే వయసులో ఏరి కోరి కుట్టించుకుని వచ్చారు. నేను మాత్రం మా ఇంట్లో ఉన్న నేత చీరే కట్టుకుని వెళ్ళాను. అందుకు కొన్ని కనుబొమలు ముడిపడ్డాయి, పడనీ.

వేదిక వెనక గోడంతా ఫ్లెక్సీ. పైన ‘నూటికి నూరు శాతం ఉత్తీర్ణత సాధించిన ఆణిముత్యాలు’ అని బంగారు అక్షరాలు, కింద పెద్దది చేసిన మా గ్రూపు ఫోటో. ముందు వరసలో టీచర్ల నడుమ కుర్చీలో మా కరస్పాండెంటు గారు కాళ్ళు బారజాపి కూర్చున్నారు. అది చాలనట్టు రెండో వరసలో నాకూ రాజ్యలక్ష్మికీ మధ్య గుండ్రటి చట్రంలో మళ్ళీ ఆయన ముఖమే, చుట్టూ సూర్యకిరణాలు. అసలు ఫోటోలో అక్కడ ఎవరూ లేరు. మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీని చూస్తే ఫ్లెక్సీ వాడికి చేతులు దురదపెట్టి ఉంటాయి.

ఆ ఖాళీ మా సువార్తది.

మా బడి కొండాపూర్ దాటాక, ఇప్పుడు అద్దాల మేడలు ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటున్న చోట, రేకుల షెడ్లలో ఉండేది. వెనక ఏనుగు పడుకున్నట్టు ఒక బండ. వానాకాలం దాని గుంతల్లో నీళ్ళు నిలిచి తూనీగలు ముసిరేవి, దసరా వెళ్ళాక చుట్టూ పొదల్లో సీతాఫలాలు కళ్ళు విప్పేవి, వాటిని కోసి బండ సందుల్లో ఎండుగడ్డి కప్పి మాగేసి, ఏ సందులో దాచామో మరిచిపోయి ఒకరినొకరు దొంగలని తిట్టుకునేవాళ్ళం. చలికాలం రేగుపళ్ళు ఉప్పుకారంలో దొర్లించి గింజ అరిగేదాకా చప్పరించేవాళ్ళం. ఎండాకాలం ఆ బండ మీద నుంచి జారితే లంగా చిరిగేది, తొడలు కమిలేవి, ఇంటికెళ్ళాక మిగిలిన వడ్డన అమ్మ చేసేది. సువార్త, నేను ఆ బండ మీదే అన్నం డబ్బాలు మార్చుకునేవాళ్ళం. నాన్న సర్కారీ ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చిన మా ఇంటి గోంగూర అన్నం ఆమెకి, దవాఖానలో నర్సుగా చేసే వాళ్ళమ్మ పంపిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం నాకు. “మీ అమ్మ చేతిల ఏముందే, గింత పుల్లగ చేసినా మంచిగుంటది,” అనేది పెదాలు నాకుతూ.

బడి మాత్రం బండంత గొప్పది కాదు. ఒకటే బాత్రూము, దానికి తాళం, తాళంచెవి కరస్పాండెంటు గారి వేలికి. తెల్ల సఫారీ వేసుకుని, ఆ తాళాల గుత్తి తిప్పుకుంటూ తిరిగేవారు. క్రమశిక్షణ అంటే ఆయన దృష్టిలో ఆడపిల్లలు దాహమేసినా నీళ్ళు తాగకుండా ఉండటం. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. బతికుండగా మాట్లాడనిచ్చారా?

ఆ రోజుల్లో ప్రైవేటు బళ్ళకి ఒక కిటుకు ఉండేది. లెక్కల్లోనో ఇంగ్లీషులోనో తప్పుతారనిపించిన పిల్లల్ని పరీక్షల ముందు బడి పేరు మీద పంపకుండా, బయట నుంచి ప్రైవేటుగా కట్టించేవాళ్ళు. తప్పితే ఆ పిల్ల తప్పినట్టు, బడి తప్పినట్టు కాదు. చిన్నప్పటి నుంచీ అక్కడే చదివిన సువార్త అలా రాత్రికి రాత్రి పరాయిదైపోయింది. వాళ్ళమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చి ఆఫీసు గది ముందు నిలబడి అడిగింది.

“ఇన్నేండ్లు మీ పిల్లనే అన్నరు సారూ, ఇగ గిప్పుడు ఎవరి పిల్ల?”

“రిజల్టు పాడవుతుందమ్మా, అర్థం చేసుకోండి,” అన్నారాయన తాళాలు తిప్పుతూ.

గ్రూపు ఫోటో నాడు సువార్త కాన్వాస్ బూట్లకి సుద్దముక్క రుద్దుకుని, ఉతికిన రిబ్బన్లు కట్టుకుని వచ్చి రోజూలాగే నా పక్కన నిలబడింది. ఆమెకి కావలసిందల్లా ఆ ఫోటోలో ఉండటం. పరీక్ష ఎక్కడ రాస్తేనేం, చదివింది ఇక్కడే కదా. కరస్పాండెంటు గారు కుర్చీలోంచి వెనక్కి తిరిగి, “ఆ అమ్మాయి మన క్యాండిడేటు కాదు, పక్కకి రమ్మనండి,” అన్నారు. టీచర్లు ఫోటోకని చొక్కాలూ కొంగులూ సర్దుకున్నారు. సువార్త దిగి వెళ్ళి తరగతి గుమ్మం ముందు చెప్పుల వరస దగ్గర నిలబడింది. “అమ్మా, జర దగ్గరికి రావాలె,” అన్నాడు ఫోటోగ్రాఫరు. రాజ్యలక్ష్మి జరగబోయింది, మోచేయి అడ్డం పెట్టాను. కరస్పాండెంటు గారు “నీకు నోటితో పాటు చెయ్యీ ఎక్కువైంది,” అన్నారు. ఎండ ఆయన ముఖం మీదే కొడుతోంది, కాబట్టి నాతో వాదించే ఓపిక లేక, “కానివ్వవయ్యా,” అన్నారు. ఖాళీ ఖాళీగానే అచ్చయింది, పక్కన నా మోచేతితో సహా.

ఆ ఏడు సువార్త ప్రైవేటుగా రాసి మొదటిసారికే పాసయింది. ఆమెని ఉంచుకున్నా నూటికి నూరే. ఈ ఆణిముత్యాల్లో ఆ లెక్క చేసినవాడు ఇప్పటికీ ఒక్కడూ లేడు.

మొన్నటి సమ్మేళనానికి ఆమెని పిలవమంటే, మా క్లాస్ లీడర్, ఇప్పుడు గచ్చిబౌలిలో ఏదో కంపెనీకి పెద్ద మేనేజరు, ప్రసాదు, “టెక్నికల్‌గా ఆవిడ మన బ్యాచ్ కాదు కదండీ,” అన్నాడు. మనిషి ఎదిగాడు, బుర్ర ఆ రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. నేనే పిలిచాను. వాళ్ళమ్మలాగే నర్సయింది, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఫ్లెక్సీ ముందు నిలబడి కాసేపు చూసి, చున్నీ నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

“అగో, నా జాగల సారు కూసున్నడు!”

శాలువాలయ్యాయి, ఒకరి కన్నీళ్ళు ఒకరు వీడియో తీసుకోవడాలయ్యాయి. తర్వాత “బ్యాచ్ వాళ్ళు మాత్రం స్టేజీ ఎక్కండి,” అని ప్రసాదు మైకులో అరిచాడు. నేను ఎక్కి, రాజ్యలక్ష్మికి ఎడంగా నిలబడ్డాను. పాపం, ఈసారి నేను మోచేయి పెట్టకుండానే ఆమె జరగకుండా ఆగింది. “మేడమ్, గ్యాప్ వస్తోంది,” అన్నాడు కెమెరా కుర్రాడు. రానీ అన్నాను. అందరూ కింద కూర్చున్న సువార్త వైపు చూశారు. ప్రసాదు ఆణిముత్యంలా నవ్వి, “సరే, రండి రండి సువార్త గారూ, మీరూ మా మనిషే,” అన్నాడు.

సువార్త ప్లేటులోంచి తలెత్తింది.

“వద్దు అన్నా. నేనొచ్చి నిలబడితే మీకు మళ్ళ నూటికి నూరైతది. ఆ జాగ గట్లనే ఉండనీ,” అని బిర్యానీలో నిమ్మకాయ పిండుకుంది.

ఇంటికొచ్చి పెట్టె అడుగు నుంచి పాత ఫోటో తీశాను. బడి లేదు. బండని మందుపెట్టి పేల్చి, పునాదులు తవ్వి, మీద అద్దాల మేడ కట్టారు. సీతాఫలాలు ఇప్పుడు ఫోను యాప్‌లో వస్తాయి, ఏ సందులో మాగాయో ఎవరికీ తెలీదు. ఫోటోలో పిల్లలంతా భుజాలు కలిపి గోడలా నిలబడి వెనకున్నదంతా మూసేశారు. రెండో వరసలో, నా మోచేతి పక్కన ఆ ఖాళీలోంచి మాత్రం, ఏనుగు వీపులా, మా బండ కనిపిస్తోంది.