నా చేతిలోని గడప

మా చిన్నతమ్ముడు పోయి పన్నెండు రోజులు. మధ్యాహ్నం తిని పడుకున్నవాడు లేవలేదు. ముప్పై ఎనిమిదేళ్లకే గుండె ఆగింది.

చూడవచ్చినవాళ్లు అతను సైకిల్ పందేల్లో గెలిచిన పతకాల గురించి మాట్లాడారు. నాకు పోయిన శ్రావణంలో ఒక పొద్దు గుర్తొస్తున్నది. వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, పాలు పొయ్యి మీద పెట్టాను. ఆరు కాలేదు. పెట్టె పట్టుకొని ఇద్దరొచ్చారు. పందెంగాళ్లు మందులు వాడుతున్నారేమోనని చెప్పకుండా వచ్చి నెత్తురు, మూత్రం పట్టుకుపోయే పరీక్షవాళ్లు.

తమ్ముడు దేవుడింట్లకు పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. "పూజల ఉన్నడని చెప్పక్కా!"

పూజలో కూర్చున్న మనిషిని మా ఇంట్ల ఎవరూ లేపరు.

"జర ఆగుండ్రి సార్, చాయ్ తాగుండ్రి," అన్నాను.

"మనిషిని కండ్లతో చూడాలమ్మా," అన్నాడొకాయన.

"దేవుని కంటే తొందరనా మీకు?"

ఆయన నవ్వి, అరుగు మీద కూర్చున్నాడు.

అరగంటకు తమ్ముడు విభూతి పెట్టుకొని, నిండు చేతుల అంగీతో బయటికొచ్చాడు. ఆ పరీక్షా బాగానే వచ్చింది. ఎప్పుడూ బాగానే వచ్చేది. "మనది సాఫ్, అక్కా," అనేవాడు. నేను టెంకాయ కొట్టేదాన్ని.

మంచివాడు. మాన్వి రోడ్డు మీద తొక్కొచ్చి, పాత బ్రష్షుతో గొలుసు తోముతూ నాతో ముచ్చట పెట్టేవాడు. ఏ ఊర్ల గెలిచినా ఫోన్ చేసి, "తిన్నవా అక్కా?" అని అడిగాకే గెలుపు సంగతి చెప్పేవాడు.

నిన్న శుద్ధి కోసం దేవుడింట్ల పటాలు దించితే, వెనక ఖాళీ సెలైన్ సంచి. చిన్నతమ్ముని పెండ్లాం, మా మరదలు, దాన్ని చేతిలోకి తీసుకున్నది.

"పందెంల బలానికి నెత్తురు చిక్కగయ్యే సూది ఏసుకుంటుండె, వదినా. దానికే గుండె ఆగిందేమో. పరీక్షోళ్లొస్తే ఈ సెలైన్ ఎక్కించుకొని పల్చగ చెయ్యాలె. అరగంట చాలు."

ఆ అరగంట నేనిచ్చాను. పరీక్ష ఎంత గట్టిదైనా, దాన్ని వాకిట్లనే ఆపాను.

చిన్నతమ్ముని బిడ్డకు పదహారేళ్లు. తమ్మునికి నేర్పిన కోచ్ దగ్గరే సైకిల్ తొక్కుతున్నది. పిలిచి అడిగాను.

"నీకేమన్న సూదులేసిండ్రా, బిడ్డా?"

"బలమొచ్చే తాకత్ సూదులత్తా. రెండే. నాయనకు చెప్పొద్దన్నడు కోచ్ సార్."

దేవుని పేరు కూడా నోటికి రాలేదు.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. "పరీక్షోళ్లకు చెప్తే పోయినోని పేరు పోతది. పతకాలు గుంజుకుంటరు," అన్నాడు పెద్దతమ్ముడు.

"పోనీ," అన్నది మరదలు. "పిల్ల ఉంటది."

ఇంక ఆ కోచ్ దగ్గరికి పంపొద్దనుకున్నాం. పొద్దున్నే పిల్లను గుండె డాక్టరుకు చూపించాలి. అటెన్క పరీక్షవాళ్లకు ఫోన్ చేసి ఉన్నదున్నట్లు చెప్పాలి. వాళ్లు అడిగేటప్పుడు పిల్ల పక్కన నేను కూర్చోవాలి.